గంజాయి సమస్య

శ్యామదేశమని మన పెద్దలు పిలిచిన థాయిలాండు 2022 జూన్ నెలలో గంజాయిని మాదకద్రవ్యముల పట్టికనుండి తొలగించెను. ఆసియాఖండమున నట్టి పనికి పూనుకొనిన మొదటి దేశ మదియే. కొలది నెలలలోనే బాంకాకు వీథులందును, సముద్రతీరపు యాత్రాస్థలములందును వేలకొలది దుకాణములు వెలసినవి. మూడేండ్లు గడచినవి. 2025 జూన్‌లో ఆ దేశమే వెనుకకు మరలి, వైద్యుని చీటి లేనిదే గంజాయిపువ్వు నమ్మరాదని యుత్తరువు చేసెను. ఈ నడుమ జర్మనీదేశము 2024 ఏప్రిల్ 1వ తేదీనుండి వయోజనులు తమ యింట మూడు మొక్కలు పెంచుకొనవచ్చుననియు, బయట తిరుగునపుడు 25 గ్రాములు దగ్గఱ నుంచుకొనవచ్చుననియు శాసించినది. ఉరుగ్వే 2013లోను, కెనడా 2018లోను అంతకంటె ముందడుగు వేసి యున్నవి. అమెరికాలో 1996లో కాలిఫోర్నియా ప్రజలు వోటు వేసి వైద్యమునకు మాత్రము అనుమతించిరి. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రములు వినోదమునకును అనుమతించినవి. 2023 సంవత్సరాంతమునకు అట్టి రాష్ట్రములు 24 అయినవి.

దూరదేశముల గొడవ మనకేల యని పాఠకు లనుకొనరాదు. 2018లో ఉత్తరాఖండ రాష్ట్రము నారకొఱకును గింజలకొఱకును మత్తు తక్కువగల గంజాయి మొక్కను సాగుచేయుటకు అనుమతి పత్రము నిచ్చెను. హిమాచలప్రదేశ ప్రభుత్వము 2023లో శాసనసభ్యుల సంఘము నొకదానిని నియమించి, ఔషధ పారిశ్రామికావసరములకు సాగు ననుమతింపవచ్చునన్న నివేదికను తెప్పించుకొనెను. 2024 సెప్టెంబరులో ఆ శాసనసభ దానిని అంగీకరించెను. ఇక మన ఆంధ్రదేశమున జరిగినదేమి? 2022 ఫిబ్రవరి 12వ తేదీన అనకాపల్లి దగ్గఱ కోడూరు గ్రామమున పోలీసువారు రెండు లక్షల కిలోల గంజాయిని గుట్టలుగా పోసి తగులబెట్టిరి. ఒక కొండరాష్ట్రమున ఏ మొక్క రైతు కాదాయమగునని సభలో తీర్మానించుచున్నారో, మఱియొక కొండసీమలో ఆ మొక్క కోసమే యువకులు చెఱసాలలకు పోవుచున్నారు. రెంటికిని చట్ట మొక్కటే.

ఈ విషయమై మన పట్టణములలో జరుగు చర్చ విన్నప్పుడు మాకు విచారము కలుగుచున్నది. ఒక పక్షమువారు పాశ్చాత్యదేశముల దారిని చూపి, నిషేధము పాతకాలపు మూఢత్వమందురు. మఱియొక పక్షమువారు గంజాయి పేరు చెప్పగనే చెవులు మూసికొందురు. మందుగా వాడుట యొకటి; వాడినవానిని, మోసినవానిని శిక్షించుట యొకటి; అంగడి పెట్టి అమ్ముట మఱియొకటి. ఈ మూడింటిని కలగాపులగము చేసి ‘ఔనా, కాదా’ యని యడిగినచో ఏ జవాబైనను తప్పగును. మందు కావలెనన్నవారిని మత్తుగొట్టులని నిందించుటయు, మందు పేరు చెప్పి వినోదపు అంగళ్లకు తలుపు తీయుటయు ఈ గందరగోళము వలననే జరుగుచున్నవి. రెండవ దాని కమెరికాయే సాక్షి. థాయిలాండు మఱింత మంచి సాక్షి.

మన దేశమున ఈ విచారణ క్రొత్తది కాదు. 1893లో ఆంగ్ల పార్లమెంటు సభ్యుడును, మద్యపాన నిషేధవాదియు నగు కెయిను దొర కామన్సు సభలో ప్రశ్న వేయగా, భారత ప్రభుత్వము ఏడుగురు సభ్యులతో నొక సంఘమును నియమించెను. అందు ముగ్గురు భారతీయులు. మాక్‌వర్తు యంగు దాని కధ్యక్షుడు. వైద్యులు, తహసీలుదారులు, సాగుదారులు, సన్యాసులు మొదలుగాగల 1193 మంది సాక్షులను ఆ సంఘము విచారించెను. 1894లో వెలువడిన యా నివేదిక యేడు సంపుటములు. మితముగా వాడినచో చెప్పుకొనదగిన కీడు కానరాదనియు, అతిగా వాడినచో దేహమునకును మనస్సునకును హాని యనియు, పూర్తిగా నిషేధించుట యనవసరమనియు, సాగును కొన్నిచోట్లకే పరిమితము చేసి పన్ను వేసి అదుపులో నుంచవలెననియు అది తేల్చెను.

ఈ నిర్ణయము ఖజానాకు మిక్కిలి యనుకూలముగా నున్నదని జాతీయవాదులగు పాఠకులకు తోపకపోదు. ఆబ్కారీ రాబడితో కడుపు నింపుకొను పరప్రభుత్వము గంజాయి మంచిదే, పన్ను మఱింత మంచిది అనుటలో వింత లేదు. అయినను ఆ కారణముచేతనే సాక్ష్యమును త్రోసివేయుట న్యాయము కాదు. ఆ నివేదికలో పిచ్చాసుపత్రులను గూర్చిన భాగ మొక్కటి చదివినను చాలును. 1892లో దేశమందలి పిచ్చాసుపత్రులలో చేరినవారిలో 222 మందికి గంజాయి, చరసు, భంగులవలన మతిభ్రమణము కలిగినట్లు రిజిష్టరులలో వ్రాసి యుండెను. సంఘమువారు ఒక్కొక్క కేసును తిరిగి విచారించిరి. రోగిని తెచ్చిన పోలీసుజవాను ‘కారణము’ అను గడిలో ఏదో యొకటి వ్రాయవలెను గనుక గంజాయి యని చెప్పుటయు, వైద్యుడు దానినే నకలు చేయుటయు పలుచోట్ల వాడుకగా నున్నట్లు బయటపడెను. విచారణ ముగియునప్పటికి గంజాయి యొక్కటియో, ఇతర కారణములతో కూడియో కారణమని చెప్పదగినవారు 98 మంది మాత్రమే మిగిలిరి. సగముకంటె ఎక్కువ మంది గుమాస్తా కలమునకు పిచ్చివా రయినారన్నమాట. గడి నింపుటకు వ్రాసిన మాట గణాంకమై, గణాంకము శాస్త్రమై, శాస్త్రము శాసనమగు విధానమును ఇంతకంటె చక్కగా చూపిన గ్రంథము మే మెఱుగము. ఇప్పటి నేరవిచారణలలో తూకములు వ్రాయు పంచనామాలను చదువువారికి ఈ కథ జ్ఞాపకముండవలెను. ఎందుకో ముందు చెప్పెదము.

ఇక నేటి శాసనమెట్లు వచ్చినదో చూతము. 1961లో ఐక్యరాజ్యసమితి యాధ్వర్యమున మాదకద్రవ్యములపై ఏకైక అంతర్జాతీయ ఒడంబడిక జరిగెను. గంజాయిని అభినితోను, హెరాయినుతోను కలిపి కఠినమైన పట్టికలలో చేర్చిరి. మన దేశమున శివరాత్రినాడు కాశీలో భంగు త్రాగనివాడు అరుదు. ఆకును నేరము చేసినచో కోట్లమంది నేరస్థులగుదురు. కనుక ఒడంబడికలో ‘గంజాయి’ యన పూతకొనలు మాత్రమే యనియు, పువ్వు లేని ఆకు, గింజ అందులోనికి రావనియు నిర్వచనము చేసికొనిరి. వైద్యేతరమగు వాడుకను ఇరువదియైదేండ్లలో మాన్పింపవలెనని గడువు పెట్టిరి. ఆ గడువు ముగియవచ్చు సమయమున, 1985లో, మాదకద్రవ్యముల చట్టము పార్లమెంటులో ఆమోదము పొంది నవంబరు 14వ తేదీన అమలులోనికి వచ్చెను. అంతకు ముందు ప్రభుత్వపు అనుమతి దుకాణములలో గంజాయి నమ్మిన రాష్ట్రములే ఆనాటినుండి దానిని కలిగియున్నవానిని పట్టుకొనసాగినవి. రాజస్థానము, ఉత్తరప్రదేశములలో భంగు దుకాణముల కిప్పటికిని ప్రభుత్వమే అనుమతి పత్రములిచ్చుచున్నది. ఒకే కొమ్మనుండి ఆకు కోసినవాడు వర్తకుడు. నాలుగంగుళములు పైకి పోయి పువ్వు కోసినవాడు ఖైదీ. రాజీపడి చేసిన నిర్వచనములు ఇట్లే యుండును.

2020 డిసెంబరు 2వ తేదీన ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్య సంఘములో గంజాయిని అతికఠినమైన నాలుగవ పట్టికనుండి తొలగించు ప్రతిపాదన వోటునకు వచ్చెను. అనుకూలముగా 27, ప్రతికూలముగా 25. ఒక దేశము తటస్థము. మన దేశపు ప్రతినిధి అనుకూలముగా వోటు వేసెను. ఔషధగుణము కలదని ఆ సభలో నొప్పుకొనిన మన ప్రభుత్వము ఇంటికి వచ్చి ఆ మాటను మఱచినట్లున్నది.

ఔషధ విషయము దగ్గఱ కొంచె మాగవలెను. విలియం ఓషానెస్సీ యను వైద్యుడు (మన దేశమున తంతివార్తా మార్గములను వేయించినవాడును ఇతడే) 1839లో కలకత్తాలో ఈ మొక్కపై తాను చేసిన ప్రయోగములను ప్రకటించెను. బెంగాలీ వైద్యులనుండియు, పండితులనుండియు, హకీములనుండియు తెలిసికొనిన సంగతులను ముందు జంతువులపై పరీక్షించి పిమ్మట రోగులకు వాడెను. ధనుర్వాతము, వాతనొప్పులు మొదలగువానితోపాటు, అతడు చికిత్స చేసిన రోగులలో మూర్ఛలతో కొట్టుకొనుచున్న నెలల పసిబిడ్డ యొకటి కలదు. ఆ బిడ్డ కోలుకొన్నదని అతడు వ్రాసెను. దాదాపు నూట యెనుబదియేండ్లకు, 2018 జూన్‌లో, అమెరికా ఔషధాధికార సంఘము ఈ మొక్కనుండి తీసిన, మత్తు కలిగింపని కన్నబిడియోలు అను ద్రవ్యమును రెండు విధములగు తీవ్ర బాల్యమూర్ఛలకు మందుగా నంగీకరించెను. కలకత్తాలో మొదలైన పని అమెరికాలో సీసాకెక్కినది. ఆ సీసాను మన దేశపు తల్లిదండ్రులు దిగుమతి సుంకము చెల్లించి తెప్పించుకొనవలసిన దుస్థితిని గూర్చి వేఱుగ చెప్పనేల?

మా పట్టణమున వృద్ధ వైద్యు డొకడు కలడు. సంస్కృతమున దిట్ట. జాతీఫలాది చూర్ణమును మూడు తరములుగా ఆ యింట నూఱుచున్నారు. గ్రహణి రోగులకు దానిని మించినది లేదని యతని నమ్మకము. దానిలో విజయ, అనగా గంజాయి మొక్క, ప్రధాన ద్రవ్యము. ‘ఆకు చట్టమునకు వెలుపలిదే కదా’ యని మేమడుగగా ఆయన నవ్వి, ‘ఆకు చట్టమునకు వెలుపలిదే గాని, దానిని తెచ్చుచున్న నా మనుమడు చట్టమునకు లోపలనుండును, అది ఆకే యని పరీక్షాలయము చెప్పువఱకు వాని నెవరు విడుతురు?’ అనెను. చూర్ణమిపు డాయన చేయుట లేదు. చట్టములోని 8వ విభాగమున వైద్య శాస్త్రీయ ప్రయోజనములకు మినహాయింపు స్పష్టముగా నున్నది. 10వ విభాగము సాగునకును, సరఫరాకును నియమములు చేయు నధికారమును రాష్ట్రప్రభుత్వములకే ఇచ్చినది. జమ్మూలోని ప్రభుత్వ పరిశోధనాలయము అనుమతి పొంది ఈ మొక్కను పెంచి, నొప్పికిని మూర్ఛకును మందులకై పరిశోధించుచున్నది. కనుక మందుకొఱకు పార్లమెంటు క్రొత్తగా చేయవలసిన దేమియు లేదు. ఉన్న అధికారమును వినియోగింపవలసిన వారికి ధైర్యము చాలదు, అంతే.

అయితే ఔషధవాదుల కొకమాట. వేదములో భంగ యను పేరున్నదనియు, శివునికి ప్రియమనియు, కనుక సర్వరోగ నివారిణియనియు కొందఱు క్రొత్తగా వ్రాయుచున్నారు. అథర్వవేదమున ఐదు మూలికల నడుమ ఆ పేరున్న మాట నిజమే. పేరున్నంత మాత్రమున మోతాదు తెలియదు. కాన్సరు రోగి వాంతులకు, కొన్ని మూర్ఛలకు, కొన్ని నరముల బిగువులకు ఫలమిచ్చునని పరీక్షలలో తేలినది. తక్కిన నూఱు రోగములకు తేలలేదు. మన ఆయుర్వేదము విజయను శోధన చేసి వాడుమన్నది గాని చిలుములో పెట్టుమనలేదు.

వినోదపు గంజాయి నిరపాయకరమన్న వాదమును మే మంగీకరింపజాలము. 1894 నాటి నివేదికను చూపువారు ఆనాటి సరుకునకును ఈనాటి సరుకునకును గల భేదమును మఱచుచున్నారు. అమెరికాలో పట్టుబడిన గంజాయిని ఏటేట పరీక్షించిన శాస్త్రజ్ఞుల లెక్కప్రకారము, 1995లో మత్తుద్రవ్యము నూటికి 4 వంతులుండగా 2014 నాటికది 12 వంతులైనది. అంగళ్లలో నమ్ము సారములలో ఇంకను హెచ్చు. స్వీడను దేశమున సైన్యములో చేరిన నలువదియైదువేల మందికి పైగా యువకులను పదునైదేండ్లు గమనించి 1987లో ప్రకటించిన పరిశోధనలో, పదునెనిమిదేండ్ల వయస్సునకే యేబదిమారులకంటె ఎక్కువగా వాడినవారికి తక్కినవారికంటె ఆరురెట్లు చిత్తచాంచల్య రోగము కనబడినది. కారణమేదో కార్యమేదో యని వైద్యులు నేటికిని వాదించుకొనుచున్నారు. అయినను బాల్యమున మొదలిడినవానికి ముప్పు హెచ్చన్నమాట మాత్రము మఱి మఱి రుజువగుచున్నది. 2019లో మన కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన దేశవ్యాప్తమైన లెక్కలో గడచిన సంవత్సరములో ఈ మొక్కను ఏదో రూపమున వాడినవారు 3 కోట్ల 10 లక్షలు; అందు గంజాయి, చరసు వాడినవారు 1 కోటి 30 లక్షలు. అదే లెక్కలో మద్యము త్రాగువారు 16 కోట్లు.

ఆ చివరి యంకెను చూపి, ‘మద్యమునకు అంగడి, గంజాయికి సంకెలా?’ యని యడుగుట తెలివైన ప్రశ్నవలె కనబడును. మా జవాబు వేఱు. మద్యపు అంగడి మన కేమి చేసినదో మనకు తెలియును. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించుటకు నడుము కట్టిరి. ఆ నిప్పు రాష్ట్రమంతయు నంటుకొనెను. 1993 అక్టోబరులో సారా నిషేధమయ్యెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది పోయెను. ఎందుకు పోయినది? దొంగసారాయి యన్నారు, పొరుగు రాష్ట్రములనుండి సరుకు వచ్చుచున్నదన్నారు, అవియును నిజములే. కాని ఖజానా ఖాళీయైనదన్న కారణమే అన్నిటికంటె పెద్దది. త్రాగుబోతు మానుకొనగలడేమో గాని, త్రాగుబోతువలన బ్రతుకు ప్రభుత్వము మానుకొనలేదు. రాజ్యాంగములోని 47వ అధికరణము మత్తుపానీయములను, ఆరోగ్యమునకు హానికరములగు మాదకద్రవ్యములను ఔషధముకొఱకు తప్ప నిషేధించుటకు రాజ్యము ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. ఒక వ్యసనముపై పన్నునకు మరిగిన ప్రభుత్వముచేతికి రెండవ వ్యసనమును గూడ ఇచ్చి, దీనివలన బీదలకు పింఛనులిమ్మందుమా? గంజాయి దుకాణమునకును పాటలు, సిండికేటులు, ముడుపులు రాకమానవు. రాబడి కొంత తగ్గగానే దుకాణములు పెంచుడను ఉత్తరువును గూడ మనము చదువవలసి వచ్చును.

దుకాణము వద్దన్నంత మాత్రమున చెఱసాలయే కావలెనని కాదు. ఇచ్చట మన్యమును గూర్చి చెప్పక తప్పదు.

విశాఖ మన్యమున, అనగా 2022 ఏప్రిల్ నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాగా పిలువబడుచున్న చింతపల్లి, పాడేరు, సీలేరు ప్రాంతములందు, గంజాయి పోడు పంటవలె వ్యాపించెను. శీలావతి యను పేరుతో నొక రకము అన్యరాష్ట్రములవఱకు ప్రసిద్ధి కెక్కినది; ఇట్టి ప్రసిద్ధి ఆంధ్రులకు కావలసినది కాదు. తమిళదేశము, కేరళము, మహారాష్ట్రములనుండి వచ్చిన వర్తకులు విత్తనమును, ఎరువును, పెట్టుబడిని ముందుగా నిచ్చి పంటను కొనుచుండిరి. దుక్కి గిరిజనునిది, లాభము అతనిది కాదు. 2021 అక్టోబరు చివర పోలీసులును ఆబ్కారీవారును ‘పరివర్తన’ మని పేరిడి యేడువేల యెకరములకు పైగా పైరును నఱికించిరి. అనేక గ్రామములవారు తామే కత్తులు పట్టి నఱికిరి. 2024 నవంబరులో ఈగిల్ అను ప్రత్యేక దళము నేర్పడినది. సాగు మన్యమున తగ్గినదన్నది వాస్తవమే. కాని ఎల్ల దాటి ఒడిస్సా కొండలలో పండిన సరుకు ఈ త్రోవలవెంటనే మైదానమునకు దిగుచున్నది. కనుక నిపుడు పట్టుబడుచున్నది పండించువాడు కాడు, మోయువాడు.

గతమున మేమొక మన్యపు సంతకు పోయియుంటిమి. చింతపండు కొలుచుచున్న ఒక తల్లి తన కొడుకు పేరు చెప్పి, వాడేయూర నున్నాడో మీకేమైన తెలియునా యని యడిగెను. ఇరువదియేండ్ల వాడట. ఎవరో రెండు మూటలు మోటారు రోడ్డువఱకు దింపి రమ్మనిరట, కూలి యిచ్చెదమనిరట. పట్టుబడి పదునాలుగు నెలలైనది. ప్లీడరు కిచ్చుటకు ఒక యెద్దు నమ్మెను. రెండవ యెద్దు నమ్మినచో దున్నుటకు లేదు. ‘వాడు త్రాగడయ్యా, చుట్టయు కాల్చడు’ అని ఆమె పదే పదే చెప్పెను. త్రాగినచో వానికి శిక్ష తక్కువయై యుండునని ఆ తల్లికి మేమెట్లు చెప్పగలము?

ఇది అతిశయోక్తి కాదు. చట్టమే అట్లున్నది. గంజాయిని వాడినవానికి ఆరునెలల ఖైదో, పదివేలవఱకు జుర్మానాయో, లేక రెండునో. వ్యసనపరుడు స్వయముగా చికిత్సకు పోయినచో 64ఏ విభాగమున కాపుదలయు కలదు. కిలోవఱకు దొరకినచో ఏడాదివఱకు శిక్ష. ఇరువది కిలోలు దాటినచో పదియేండ్లకు తక్కువ కాని, ఇరువదియేండ్లవఱకు పోగల కఠినశిక్ష, లక్షకు తగ్గని జుర్మానా. పువ్వు కొనలు తేలిక వస్తువే యైనను మూటలు మోయువాని భుజముపైననే ఇరువది కిలోలు దాటును. నగరమున తెప్పించుకొని అమ్మువాని జేబులో దాటదు. దాటినచో 37వ విభాగము వచ్చును: ముద్దాయి నిర్దోషి యనుటకు తగిన కారణములున్నవనియు, విడిచినచో మరల నేరము చేయడనియు న్యాయాధికారికి నమ్మకము కలిగిననే తప్ప జామీను లేదు. విచారణకు ముందే నిర్దోషిత్వమును చూపవలెనన్నమాట. విచారణ ఎప్పుడో జరుగును. పెట్టుబడి పెట్టినవాడు పట్టుబడుట ఎప్పుడో గాని లేదు. వాని పేరు మోసినవానికి తెలియదు.

తూకమునకు ప్రాణమున్నదని మేమనుట ఇందుకే. నిర్వచనము ప్రకారము గంజాయి యన పూతకొన. ఆకు, కాడ, గింజ కలిపి బస్తాతో తూచి వ్రాసినచో పదునెనిమిది కిలోల పువ్వు ఇరువదియారు కిలోల నేరమగును. అట్లు కలిపి తూచిన కేసులలో కొన్ని ఉన్నతన్యాయస్థానములు ఆ లోపమును గుర్తించి జామీను నిచ్చిన సందర్భములు కలవు. ఆ న్యాయస్థానమువఱకు పోగలుగుటకు రెండు యెద్దులు చాలవు. 1892 నాటి పిచ్చాసుపత్రి రిజిష్టరులోని గడి మాకు జ్ఞాపకము వచ్చుట వింత కాదు.

‘అయినచో సాగునే ధర్మబద్ధము చేయుడు, గిరిజనుడు బాగుపడును’ అని కొందఱు సదుద్దేశముతో చెప్పుచున్నారు. మాకు నమ్మకము లేదు. దుర్గమమైన కొండవాలున గంజాయి కింత ధర పలుకుట అది నిషిద్ధము గనుకనే. నిషేధము తీసిన మఱునాడు అది బావి క్రింద, బిందుసేద్యముతో, గాజుపందిళ్లలో పండును. కెనడాలో పండించునది గాజుపందిళ్లలోను, విద్యుద్దీపముల క్రిందను పెద్ద కంపెనీలే. భూబదలాయింపు నిషేధ చట్టమును (1970లో సవరింపబడిన దానిని) ఎన్ని విధముల తప్పించుకొనవచ్చునో యెఱిగినవారు మన మైదానమున తక్కువమంది కారు. క్రొత్త పంట పేరిట కౌలు పత్రములు పుట్టును. గుంటూరు, ప్రకాశము జిల్లాల పొగాకు రైతులు కంపెనీ కొనకపోయిన యేడు తమ బేరన్ల ముందు కూర్చుండి పడిన పాట్లను జ్ఞాపకము చేసికొనవలెను. ఈ పత్రిక చదువు భూస్వాములలో కొందఱు హిమాచలపు వార్త చూచి ఎకరమున కెంత మిగులునో యని మాకు జాబులు వ్రాయుచున్నారు. నార కొఱకు పెంచు రకమున మత్తు నూటికి 0.3 వంతు దాటరాదన్నది ఉత్తరాఖండపు నియమము. మన యెండలలో ఆ హద్దులో నిలుచు విత్తనమును ముందుగా సంపాదింపవలెను. దాటినచో పైరంతయు పోలీసువారికి పంట. తొందరపడవలదని మా సలహా.

మన్యమునకు కావలసినది గంజాయితో సరిపడు ధర గాదు. గంజాయి వర్తకునితో సరిపడు నమ్మకము. వాడు పెట్టుబడిని వాకిటికి తెచ్చి యిచ్చెను, పంటను వాకిట కొనెను. మనము కాఫీ మొక్కల నిచ్చితిమి. మంచిదే, అరకు కాఫీకి విదేశములందు పేరు వచ్చినది. కాని మొక్క నాటిన మూడు నాలుగేండ్లవఱకు కాపు రాదు. ఆ నడుమ ఏమి తినవలెను? పసుపునకును, రాజ్మా చిక్కుళ్లకును, మిరియములకును గిరిజన సహకార సంస్థ కొనుగోలు ధరను నాట్లకు ముందే ప్రకటించి, బయానాగా కొంత రొక్కమిచ్చి, సంతలోనే తూకము వేసి కొన్నచో నఱికిన చోట గంజాయి మరల మొలవదు. కాఫీ కాపునకు వచ్చువఱకు ఎకరమునకు ఇంత యని జీవనభృతి నిచ్చుట దుబారా యనువారు, దళములకును, హెలికాప్టరులకును, చెఱసాలలో ఖైదీల తిండికిని అగుచున్న ఖర్చును ప్రక్క గడిలో వ్రాసి చూడవలెను.

చట్టమును మార్చుట పార్లమెంటు పని. మొదటి నేరముగా పట్టుబడిన మోతకూలికిని, పెట్టుబడిదారునికిని భేదము చేయు సవరణము రావలెను; కేవలము తూకమునుబట్టి శిక్షను నిర్ణయించు పద్ధతి పోవలెను. వాడుకరిని న్యాయస్థానమునకు గాక వైద్యుని కప్పగింపవలెను. దానికై యెదురుచూడనక్కఱ లేకుండ మన రాష్ట్రప్రభుత్వము నేడే చేయగలవియు కలవు. సరుకు నుండి ఆకు, కాడ వేఱు చేసి తూచవలెనని లిఖితపూర్వకమైన యుత్తరువు. మన్యపు మేజిస్ట్రేటు కచేరీలలో గిరిజన భాష లెఱిగిన సర్కారు ప్లీడరు. వైద్యులకును, ఆయుర్వేద ఔషధశాలలకును 10వ విభాగము క్రింద సులభమైన నియమములు. వీనికి క్రొత్త శాసన మక్కఱలేదు.

శాసనసభ కూడునపుడు ఒక ప్రశ్న వేయవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. ఈ చట్టము క్రింద విచారణకై రిమాండులో నున్నవారెందఱు, వారి వయస్సులేమి, జాతులేమి, పట్టుబడిన తూకమెంత, ఎన్ని నెలలనుండి యున్నారు, వారిలో పెట్టుబడి పెట్టినవారెందఱు — ఈ పట్టికను సభముందుంచవలెను. మన్యపు సభ్యులు అడిగినచో తమవారి కొఱకు అడిగిరందురు. మైదానపు సభ్యులే అడుగవలెను. సరుకు కొను పట్టణములు వారివి, కాలేజీలు వారివి, బయానా తెచ్చు వర్తకులు దిగు హోటళ్లును వారివే.